ఇనుప కొంగలు

ప్రతి ఏడూ ఆగస్టు పదికంతా
మున్సిపాలిటీ నించి పిలుపొస్తాది.
డబ్బా పెయింటు, రెండు బ్రష్షులు,
ఉప్పుకాగితం ఆరు ముక్కలు అప్పుడే ఇస్తారు,
కూలి మాత్రం దీపావళికి.

చిత్తూరు నడిబొడ్డున, పాత కచ్చేరి ముందర
నాలుగు ఇనుప కొంగలు వీపూ వీపూ ఆనించుకొని
ఆకాశంకేసి మూతులెత్తి నిలబడుండాయి.
నెత్తిన గిన్నె. గిన్నె అంచున ఉండేది
తామర మొగ్గలో గులాబీలో, పోతపోసినోడికే తెలియాల.
ఓడలో మద్రాసుకు, రైల్లో కాట్పాడికి,
ఆడినించి తొమ్మిది ఎద్దుబండ్లలో వచ్చిందని
మా నాయన ఏకాంబరం చెప్పేవాడు.
తొమ్మిదో, పదకొండో,
ఆ పొద్దు తాగినదాన్ని బట్టి.

పీట మింద చేసినూరి పేరు అరిగిపోయింది.
ఇంగ్లండులో యాడనో. మూడక్షరాలు మిగిలినాయి,
ఎట్ల కలిపి చదివినా ఊరు కాదు.
దీని తోడబుట్టింది ఆడ ఇప్పటికీ నీళ్ళు చిమ్ముతా ఉందంట,
చలికి గడ్డకట్టి గాజుచెట్టు మాదిరి నిలబడతాదంట.
మనది మాత్రం నలభై రెండేండ్లుగా
తుంపర కూడా ఊసింది లేదు.

గీకితే రంగులు లేస్తాయి.
నీలం కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ,
దాని కింద మళ్ళా పసుపు.
ఎవురు గెలిచిందీ ఎవురు ఓడిందీ
కొంగ మెడ మింద చదువుకోవచ్చు.

ఈసారి కొత్త కమిషనరమ్మ.
“రంగొక్కటే కాదు సెల్వరాజూ, నీళ్ళు రావాల.
కొండమింది ట్యాంకు నించి పాత లైను ఉండాదంట కదా,
చూసి చెప్పు” అనింది.

నాలుగో కొంగ మూతి గీకతా ఉంటే
ఉలికి మెత్తగా ఏదో తగిలింది.
సఫేదా పూసి బిగించిన జనపనార,
రాయి మాదిరి గట్టిపడి,
చుట్టు మాత్రం చెక్కుచెదరకుండా.
వేలితో తడిమి చూసినా.
చుట్టంతా ఎడమకు తిరిగుండాది.

ఊళ్ళో ఫిట్టర్లందరిలోకీ ఎడమచేతివాడు ఒక్కడే.

నాకప్పుడు ఎనిమిదేండ్లు.
నీవా ఏట్లో చెలమ తవ్వి
చెంబుతో తోడుకున్న ఏడు.
కచ్చేరి కాడ కొంగలు నీళ్ళాడతా ఉండేవి,
సంతపేట దిగువ వీధిలో కొళాయి
నెలకోసారి దగ్గేది.
ఒక రేయి నాయన మోకాళ్ళ దాకా బురదతో వచ్చినాడు.
అమ్మ అడగలేదు. కాళ్ళు కడుక్కోను నీళ్ళూ లేవు.
తెల్లారేసరికి కొళాయి కాడ బిందెల మోత,
కన్నెమ్మవ్వ అరుపులు,
“వస్తా ఉండాయే! ఆగకుండా వస్తా ఉండాయే!”

ఫౌంటెను చెడిపోయిందని ఫైల్లో రాసుకున్నారు.
విడిభాగాలు ఇంగ్లండు నించి రావలెను.
కింద ఇంజనీరు సంతకం, సీలు.
రాయమని చెప్పింది ఎవురో
ఇన్నేండ్లకు తెలిసింది నాకు.

మూత తీసి గుంతలోకి దిగినా.
టార్చి వెలుగులో టీ-జాయింటు, ఇత్తడి బిరడా,
దిగువ వీధికి మళ్ళిన గొట్టం.
చెయ్యి పెడితే చల్లంగా అదురుతా ఉండాది,
లోపల నీళ్ళు పోతా ఉండాయి.
చానాసేపు చెయ్యి తియ్యలేదు.

బయటికొస్తే కమిషనరమ్మ గొడుగు కింద నిలబడుండాది.
“ఏమైంది?”

“విడిభాగాలు కావాల మేడం.
ఇంగ్లండు నించి రావాల.”

ఆమె నా ప్యాంటు బురద చూసింది, కొంగల్ని చూసింది.
ఏం అర్థమైందో, నవ్విందో లేదో.
“సరే, రంగన్నా బాగా వెయ్యి” అనేసి జీపెక్కింది.

నార పాతదైపోయింది, ఒక వానకు ఊడొస్తాది.
కొత్తది కొన్నా, పదిహేను రూపాయలు.
ఎడమకు చుట్టాలని చూస్తే
చేతికి రాలేదు. మూడుసార్లు జారింది.
నాలుగోసారి పండ్లతో పట్టుకొని బిగించినా.
సఫేదా చేదు నాలుక మింద
రాత్రి అన్నం తినేదాకా ఉండింది.